నాలుగు నెలలుగా టేబుల్ మీద ఉన్న కాగితాలు

ఈసారి ఉత్తరం ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్న అసోసియేట్ ప్రొఫెసర్ గారిది. పేరు, ఊరు వద్దన్నారు. ఏడు పేజీలు రాశారు, కుదించి చెబుతాను.

ఆమెకు 43 ఏళ్ళు. పీజీ చేసేటప్పుడు థీసిస్ గైడ్‌గా దొరికిన ప్రొఫెసరే చదువు అయ్యాక ఆమెను డిపార్ట్‌మెంట్‌లోకి తీసుకున్నారు. అప్పటి నుంచి ఆయన యూనిట్‌లోనే ఉన్నారు. ఇప్పుడు ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్, రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. ఉత్తరం పొడుగునా ఆయన్ని 'సార్' అనే రాశారు కాబట్టి నేనూ అలాగే అంటాను. "పేషెంటు పొట్ట మీద చెయ్యి ఎలా వెయ్యాలో నేర్పింది సారే. మా నాన్న ఐసీయూలో ఉన్న పన్నెండు రోజులూ నా డ్యూటీలు ఎవరికీ చెప్పకుండా ఆయనే చూసుకున్నారు" అని రాశారు.

రెండు నెలల క్రితం రౌండ్స్‌లో ఒక సంఘటన జరిగింది. గుండెపోటుతో చేరిన పేషెంటు, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97. ఆక్సిజన్ ఎందుకు పెట్టలేదని సార్ పీజీ అమ్మాయిని గట్టిగా కోప్పడ్డారు. ఆ అమ్మాయి ఈమె వైపు చూసింది. "శాచురేషన్ బాగానే ఉంది కదా సార్, ఇప్పుడు అవసరం లేదంటున్నారు" అని ఈమె అనేశారు. పదిహేను మంది ముందు. సార్ ఏమీ అనకుండా పక్క మంచానికి వెళ్ళిపోయారు. సాయంత్రం గదికి పిలిచి, "నా దగ్గర నేర్చుకుని నాకే పాఠమా" అన్నారు. అప్పటి నుంచి మాట పొడిపొడిగానే.

ఇది ఇలా ఉండగా, వేరే చోట క్లినికల్ ఎపిడెమియాలజీలో (పేషెంట్ల మీద చేసే పరిశోధనల పద్ధతులు, లెక్కలు నేర్పే విభాగం) ఏడాది ఫెలోషిప్‌కి ఈమెకు సీటు వచ్చింది. నెలన్నరలో జవాబు చెప్పాలి. సెలవు కాగితం మీద సార్ సంతకం కావాలి. ఆయనేమో "ఈ వయసులో మళ్ళీ స్టూడెంట్‌వి అవుతావా? యూనిట్ ఎవరు చూస్తారు?" అంటున్నారు. దీనికి తోడు పేపర్ల గొడవ. ఆరేళ్ళలో ఈమె ప్రచురించిన తొమ్మిది పేపర్లలోనూ సార్ పేరుంది, వాటిలో కనీసం ఐదింటి డ్రాఫ్ట్ ఆయన తెరిచి కూడా చూడలేదు.

వీటన్నిటి కింద ఇంకో భయం ఉంది. జూనియర్లు ఏదో కొత్త ట్రయల్ (చికిత్స పనిచేస్తుందో లేదో పేషెంట్ల మీద చూసే అధ్యయనం) పేరు చెబితే ఈమె తెలిసినట్టు తల ఊపుతారు. ఇంటికి వెళ్ళి రాత్రి పదకొండింటికి వెతుక్కుంటారు. "నాకు తెలిసిందంతా పదేళ్ళ క్రితం తెలిసిందేనేమో అనిపిస్తోంది. నేను కృతఘ్నురాలినా? సార్‌ని నొప్పించకుండా ముందుకు వెళ్ళే దారి ఉందా?" అని అడిగారు. ఐదో పేజీలో మరో విషయం కూడా ఉంది, దాని సంగతి జవాబులో చెబుతాను.

డాక్టరు గారూ,

ముందు ఆక్సిజన్ సంగతి తేల్చేద్దాం. వైద్యం విషయంలో మీ మాట సరైనదే. 2017లో స్వీడన్ నుంచి వచ్చిన ట్రయల్‌లో గుండెపోటు అనుమానంతో వచ్చిన 6,629 మందిని తీసుకున్నారు. అందరికీ శాచురేషన్ 90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంది. ఆక్సిజన్ పెట్టినవాళ్ళకూ పెట్టనివాళ్ళకూ ఏడాది తిరిగేసరికి మరణాల్లో తేడా లేదు. ఇక ఆ మాట అక్కడే అనాలా అన్నది వేరే ప్రశ్న. దాని మీద మీకే అనుమానం ఉన్నట్టుంది, 'పదిహేను మంది ముందు' అని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. పేషెంటుకి అప్పటికప్పుడు హాని జరిగేలా ఉంటే ఎవరి ముందైనా సరే చెప్పి తీరాలి. ఇక్కడ అంత అర్జెంటేమీ లేదు. కానీ సరైన పని చేసిన అమ్మాయి అకారణంగా తిట్లు తింటోంది, మీరు నోరు మూసుకుంటే ఆ పదిహేను మందీ తప్పు పాఠం నేర్చుకుని వెళ్తారు. నేనైతే మిమ్మల్ని తప్పు పట్టను. ఇంకోసారి ఇలాంటిది వస్తే "దీని మీద ఒక ట్రయల్ ఉంది సార్, ఈ వారం జర్నల్ క్లబ్‌లో పెట్టనా?" అని చూడండి. విషయం అదే, ఆయన వెనక్కి తగ్గడానికి మాత్రం కాస్త చోటు ఉంటుంది.

సార్ మాట్లాడకుండా పక్క మంచానికి వెళ్ళిపోయారని రాశారు చూడండి, అక్కడ నేను చదవడం కాసేపు ఆపాను. ఎందుకంటే అలా పక్క మంచానికి వెళ్ళిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నేను పీజీ చేసిన రోజుల్లో హార్ట్ ఫెయిల్యూర్ పేషెంటుకి గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు ఇస్తాననడం అంటే పరీక్షలో తప్పడమే. అసలే బలహీనంగా ఉన్న గుండెని ఇంకా నెమ్మది చేస్తావా అని అడిగేవారు. అది వినడానికి తిరుగులేని వాదన. 1975లోనే గోథెన్‌బర్గ్ డాక్టర్లు ఏడుగురు పేషెంట్లకి ఇచ్చి చూసి, మెరుగుపడ్డారని రాశారు. ఆ మాట నమ్మినవాళ్ళు తక్కువ. 1999లో రెండు పెద్ద ట్రయల్స్ వచ్చాయి. పేషెంటు నిలకడగా ఉన్నప్పుడు, చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోతే మరణాలు 34 శాతం తగ్గాయని రెండింటిలోనూ తేలింది. నేను వాటిని చదివాను. చదివిన తర్వాత కూడా దాదాపు రెండేళ్ళు క్లాసులో పాత పాఠమే చెప్పాను. ఒక హౌస్ సర్జన్ కుర్రాడు లేచి అడిగాడు కూడా. "చూద్దాం, ఇంకా గట్టి రుజువులు రానీ" అన్నాను. అంతకన్నా గట్టి రుజువులు ఇంకేం వస్తాయి? ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్న వాక్యాన్ని నా చేత్తో నేనే తుడవలేకపోయాను, అంతే. ఆ రెండేళ్ళలో మా వార్డు నుంచి ఆ మందు లేకుండా ఇంటికి వెళ్ళినవాళ్ళు ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టే ధైర్యం లేదు.

కాబట్టి సార్ మీ మీద కోపంగా ఉన్నారని మీరనుకుంటున్నారు గానీ, నాకైతే ఆయన భయపడ్డారేమో అనిపిస్తోంది. నా ఊహ తప్పు కావచ్చు, ఆయన్ని నేను చూడలేదు. అయితే ఈ భయం ఆయన ఒక్కరికే ఉన్నది కాదు. 2005లో, డాక్టరు అనుభవానికీ వైద్యం నాణ్యతకీ ఉన్న సంబంధం మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి ఒక సమీక్ష చేశారు. 62 పరిశీలనల్లో సగానికి పైగా చెప్పింది ఒక్కటే: ప్రాక్టీసులో ఏళ్ళు పెరిగేకొద్దీ, కొలిచిన అంశాలన్నిటిలోనూ పనితీరు తగ్గింది. చేతి పనితనం, పేషెంటు మొహం చూసి జబ్బు పోల్చుకునే నేర్పు లాంటివి ఆ కొలతలకి పెద్దగా అందవు, ఆ మేరకు మా తరానికి కొంత ఊరట. మరుసటి ఏడాది వచ్చిన ఇంకో సమీక్ష మాత్రం ఆ ఊరట కూడా మిగల్చలేదు. డాక్టర్లు తమకెంత తెలుసో తాము వేసుకునే అంచనాకీ, బయటివాళ్ళు కొలిచినదానికీ చాలా అధ్యయనాల్లో పొంతన కుదరలేదు. అన్నిటికన్నా ఎక్కువ తేడా పడింది తక్కువ తెలిసినవాళ్ళలోనూ, ఎక్కువ ధీమా ఉన్నవాళ్ళలోనూ. రాత్రి పదకొండింటికి వెతుక్కుంటున్నారంటే మీకు ఆ ధీమా జబ్బు ఇంకా రాలేదన్నమాట.

ఇక మీ ఐదో పేజీ.

అక్కడ మీ అసిస్టెంట్ ప్రొఫెసర్ గురించి ఒక వాక్యం రాశారు. "ఆ అబ్బాయి పేపర్ డ్రాఫ్ట్ నాలుగు నెలలుగా నా టేబుల్ మీదే ఉంది, అందులో వాడిన స్టాటిస్టిక్స్ పద్ధతి నాకు సరిగ్గా తెలియదు, అడగడానికి మొహం చెల్లడం లేదు" అని రాసి, వెంటనే మళ్ళీ సార్ గురించి మొదలుపెట్టారు. మీకు ఆ వాక్యం చిన్నదిగా అనిపించి ఉంటుంది. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తానికి అదే కీలకం.

ఆ అబ్బాయి వైపు నుంచి ఒకసారి చూడండి. అతనికి మీరే 'మేడమ్'. డ్రాఫ్ట్ ఇచ్చాడు. వారం ఆగాడు, నెల ఆగాడు. ఒకసారి గుర్తు చేసి ఉంటాడు, రెండోసారి గుర్తు చేస్తే బాగుండదని ఊరుకుని ఉంటాడు. పేపర్ బాగోలేదేమో అనుకుంటూ ఉంటాడు. మేడమ్‌కి తన మీద ఏదో కోపం ఉందని కూడా అనుకుంటూ ఉండొచ్చు. మీకు ఫలానా పద్ధతి తెలియదన్న మాట మాత్రం అతని ఊహకే అందదు. మీ సెలవు కాగితం సార్ టేబుల్ మీద ఉంది, అతని డ్రాఫ్ట్ మీ టేబుల్ మీద ఉంది. రెండూ కదలకపోవడానికి కారణం బహుశా ఒకటే. 2016లో ఒక వైద్య పత్రికలో, మెంటార్లు (వృత్తిలో దారి చూపే సీనియర్లు) శిష్యులకు చేసే అన్యాయాలను రకాలుగా విడదీస్తూ ఒక వ్యాసం వచ్చింది. శిష్యుల పని కాజేసేవాళ్ళు, శిష్యుణ్ణి ఎవరి దగ్గరికీ పోనివ్వనివాళ్ళు ఒక వైపు ఉన్నారు. ఏ చెడు ఉద్దేశమూ లేకుండా, కాగితం తమ దగ్గర పెట్టుకుని దారికి అడ్డం పడేవాళ్ళు ఇంకో వైపు. ఆ రెండో రకానికి వాళ్ళు పెట్టిన పేరు 'బాటిల్‌నెక్'. అది చదివినప్పుడు నాకు నా గదిలో ఉండే చెక్క అల్మరా గుర్తొచ్చింది. అందులో ఏయే థీసిస్‌లు ఎన్నేసి నెలలు పడి ఉండేవో ఇప్పుడు చెప్పను.

మిమ్మల్ని దెప్పడానికి ఇదంతా రాయడం లేదు. మీ చేతిలో ఉన్న విషయం, ఎవరి సంతకమూ అక్కర్లేని విషయం ఇదొక్కటే కనుక రాస్తున్నాను. మిగతా వాటికి నేను దారులే చూపిస్తాను, ఏది ఎంచుకోవాలో మీ ఇష్టం. ఈ ఒక్కదానికి మాత్రం కాస్త చనువు తీసుకుని చెబుతున్నాను, ఈ వారమే ఆ అబ్బాయిని కూర్చోబెట్టండి. "ఆలస్యం నాదే, ఈ పద్ధతి నాకు రాదు, నువ్వే చెప్పు" అనండి. ఆ పద్ధతి ప్రొపెన్సిటీ స్కోర్ అని రాశారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక మందు తీసుకున్న పేషెంట్లూ తీసుకోని పేషెంట్లూ మొదటి నుంచీ ఒకే రకం వాళ్ళు కారు. డాక్టరు ఏదో చూసే కొందరికి ఇచ్చాడు, కొందరికి మానేశాడు. అందుకని వయసు, షుగరు, క్రియాటినిన్ వగైరా అన్నీ చూసి, ఈ పేషెంటుకి ఆ మందు రాసే అవకాశం ఎంత అని ముందు ఒక అంకె కడతారు. ఒకే అంకె ఉన్నవాళ్ళలో మందు తీసుకున్నవాళ్ళనీ తీసుకోనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. లెక్కలోకి రాని కారణం ఏదైనా ఉంటే దాన్ని ఈ పద్ధతి సరిచేయలేదు, దాని బలహీనత అదే. సరిగ్గా అక్కడే మీ అవసరం ఉంది. ఏ పేషెంటుకి ఆ మందు ఎందుకు మానేస్తామో, కేస్ షీట్‌లో రాయకుండా మనసులో పెట్టుకునే కారణాలేమిటో మీకు తెలిసినట్టు ఆ అబ్బాయికి తెలియదు. అతను మీకు లెక్క నేర్పుతాడు, ఆ లెక్కలో ఏం తప్పిపోయిందో మీరు అతనికి నేర్పుతారు.

1944 నవంబర్ 29న అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఒక నీలి శిశువుకి (గుండె లోపం వల్ల ఒళ్ళు నీలంగా మారిన బిడ్డకి) మొదటిసారి ఆపరేషన్ జరిగింది. కత్తి పట్టుకున్నది ఆల్ఫ్రెడ్ బ్లాలాక్, పేరున్న సర్జన్. ఆయన వెనక చిన్న స్టూలు వేసుకుని నిలబడి, భుజం మీదుగా చూస్తూ కుట్టు ఎటు వెయ్యాలో చెబుతూ ఉన్నది వివియన్ థామస్. ఆయనకు డాక్టరు డిగ్రీ లేదు. 1930లో బ్లాలాక్ దగ్గర లాబ్ సహాయకుడిగా చేరాడు, పని ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. కానీ ఆ ఆపరేషన్‌లో రక్తనాళాలు కలిపే పనిని కుక్కల మీద ఎన్నోసార్లు చేసి చేయి తిరిగినవాడు థామస్. గురువు అది ఒప్పుకుని, అందరి ముందూ శిష్యుణ్ణి వెనక నిలబెట్టుకున్నాడు. ఆయన గొప్పతనం అక్కడ ఉంది. ఆయన లోపం కూడా ఆ కథలోనే ఉంది. 1945లో వచ్చిన పేపర్ మీద బ్లాలాక్ పేరు, పిల్లల గుండె డాక్టరు హెలెన్ టాసిగ్ పేరు ఉన్నాయి, థామస్ పేరు ఎక్కడా లేదు. అతనికి గౌరవ డాక్టరేట్ ఇవ్వడానికి అదే విశ్వవిద్యాలయానికి 1976 దాకా పట్టింది. థియేటర్‌లో ఒప్పుకున్నది కాగితం మీద ఒప్పుకోలేకపోయారు. మీ సార్ విషయంలో మీరు రెండు చోట్లా ఇబ్బంది పడుతున్నారు కనుక ఇది గుర్తొచ్చింది.

ఇప్పుడు సార్ దగ్గరికి వద్దాం. మీరు 'సార్' అన్న ఒక్క మాటలో నలుగుర్ని కలిపేస్తున్నారు. చెయ్యి పట్టి నేర్పిన గురువు ఒకరు. పరిశోధన చూసే గైడ్ ఒకరు. పెద్దల దగ్గర మీ పేరు చెప్పి ఉద్యోగం ఇప్పించిన స్పాన్సర్ ఒకరు. సెలవు కాగితం మీద సంతకం పెట్టే పై అధికారి ఒకరు. నలుగురూ ఒకే మనిషి కావడం వల్ల, పై అధికారితో పేచీ వస్తే గురువుకి ద్రోహం చేసినట్టు మీకు అనిపిస్తోంది. గురువు దగ్గర మీకున్న రుణం నిజమైనదే, మీ నాన్నగారి పన్నెండు రోజుల రుణమూ నిజమైనదే. ఆ రుణం పేపర్ మీద రచయిత పేరుతో తీరేది కాదు.

పేపర్ల విషయంలో నియమం ఏమిటో మీకు తెలుసు, అయినా చెబుతాను. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. ఆలోచనలో గానీ, సమాచారం సేకరించడంలో గానీ, విశ్లేషణలో గానీ చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. రాయడమో, విమర్శనాత్మకంగా దిద్దడమో చెయ్యాలి. చివరి ప్రతిని ఆమోదించాలి. పేపర్లో ప్రతి అంశానికీ జవాబుదారీగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత, లేకపోతే కృతజ్ఞతల్లో పేరు. మీ ముందు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే కొనసాగడం మొదటిది. గొడవ రాదు. కాకపోతే మీ కింది అబ్బాయి కూడా ఇదే పద్ధతి అనుకుని నేర్చుకుంటాడు, రేపు ఏదైనా పేపర్లో లెక్క తప్పిందని ఎవరైనా అడిగితే చదవని పేపర్‌కి సార్ జవాబు చెప్పాల్సి వస్తుంది. ఒక్కసారిగా ఆయన పేరు తీసెయ్యడం రెండోది. నియమం ప్రకారం సరైనదే, మీ ఇద్దరి మధ్య మాత్రం మాట పూర్తిగా పోవచ్చు, ఫెలోషిప్ సంతకం కూడా దానితో పాటే. మూడోది నాకు నచ్చినది, కానీ ఓపిక కావాలి. తర్వాతి పేపర్‌ని మొదలుపెట్టకముందే సార్ దగ్గరికి తీసుకెళ్ళి, ఏ భాగం ఎవరు చేస్తారో ఒక కాగితం మీద రాసుకోవడం. ఆయనకి నిజంగా పని ఇవ్వండి. ముప్ఫై ఏళ్ళ వార్డు జ్ఞాపకం ఉన్న మనిషి చర్చా భాగాన్ని దిద్దితే అది ఉత్తుత్తి పని కాదు. చేశారా, పేరు న్యాయంగా ఉంటుంది. చెయ్యలేదా, ఆ కాగితమే మాట్లాడుతుంది, మీరు నోరు తెరవక్కర్లేదు. జరిగిపోయిన ఐదు పేపర్ల సంగతి మీ మనస్సాక్షికి వదిలేస్తున్నాను. వాటిని ఇప్పుడు తవ్వి తీస్తే సార్‌తో పాటు మీరు కూడా జవాబు చెప్పుకోవాలి, ఆయన పేరు పెట్టి పంపింది మీరే కదా.

ఫెలోషిప్ దగ్గర నేను అంత ధైర్యంగా మాట్లాడలేను. వెళ్తే ఏం వస్తుందో తెలుసు. ఒక ఏడాది పాటు ఏమీ తెలియనట్టు బహిరంగంగా కూర్చునే అవకాశం. మన వృత్తిలో నలభై దాటాక అది దొరకడం కష్టం. మీకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుంటారు. మొదటి నెల చాలా బాధగా ఉంటుంది, తర్వాత తల ఊపాల్సిన పని ఉండదు. ఏం పోతుందో కూడా చూసుకోండి. ఏడాది వార్డుకి దూరమైతే చేతులు కొంచెం మొద్దుబారతాయి, తిరిగొచ్చాక ఆరునెలలు దానికే పోతాయి. యూనిట్‌లో మీ కుర్చీ ఖాళీగా ఉండదు. ఇంట్లో పిల్లలెవరైనా పెద్ద పరీక్షల్లో ఉన్నారో లేదో మీరు రాయలేదు, అదీ లెక్కలోకి తీసుకోవాలి. సార్ సంతకం పెట్టకపోతే పై అధికారుల దగ్గరికి వెళ్ళే దారి ఏదో ఒకటి ఉండే ఉంటుంది. ఆ దారిన వెళ్తే సీటు దక్కుతుంది, సార్ మాత్రం దక్కకపోవచ్చు. ఆయన సర్వీసు ఇంకా మూడేళ్ళుంది, మీరు లేనిది ఒక్క ఏడాది. తిరిగొచ్చి రెండేళ్ళు ఆయన కిందే పనిచెయ్యాలని గుర్తుంచుకోండి.

వెళ్ళకుండా ఉండిపోవడం కూడా ఒక దారే, దాన్ని ఓటమి అనుకోకండి. కానీ అలా ఉండేట్టయితే ఇప్పుడున్నట్టు ఉండకూడదు. నేర్చుకోవడానికి ఒక్క సార్ మీదే ఆధారపడటం మానాలి. స్టాటిస్టిక్స్‌కి ఒకరు, బోధనకి ఇంకొకరు, ఉద్యోగం సంగతులకి మీ డిపార్ట్‌మెంట్‌కి సంబంధం లేని సీనియర్ ఒకరు, అప్పుడప్పుడూ మనసు విప్పి మాట్లాడుకోవడానికి మీ ఈడు వాళ్ళు ఇద్దరు ముగ్గురు. 2006 నాటి ఒక సమీక్షలో, కొన్ని విభాగాల అధ్యాపకుల్లో మెంటార్ అంటూ ఉన్నవాళ్ళు ఐదో వంతు కూడా లేరని తేలింది. ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఉండటం మీ అదృష్టం. ఆ ఒక్కరితోనే సరిపెట్టుకోవడం వల్లే ఇప్పుడు ఊపిరాడటం లేదు. ఈ దారిలో ఖర్చయ్యేది మీ సాయంత్రాలు. సార్ పట్టు అలాగే ఉంటుంది, కాకపోతే మీకు అంత బిగుతుగా తెలియదు.

రాత్రి పదకొండింటి చదువు గురించి ఒక్క మాట. జర్నల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం నేను యాభయ్యో ఏట మానేశాను. అంతకుముందు చదివింది మాత్రం నిలిచిందా? చొక్కా జేబులో ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, రౌండ్స్‌లో నాకు తెలియని ప్రశ్న రోజుకి ఒక్కటి రాసుకునేవాణ్ణి. పేషెంటు మంచం నంబరుతో సహా. సాయంత్రం ఆ ఒక్కదానికే వెతికేవాణ్ణి. మర్నాడు అదే మంచం దగ్గర "నిన్న నాకిది తెలియదు, రాత్రి చూశాను" అని పీజీలకి చెప్పేవాణ్ణి. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు తడారిపోయింది. రెండు వారాలు తిరిగేసరికి పీజీలు కూడా పుస్తకాలు కొనుక్కున్నారు, వాళ్ళ ప్రశ్నల ముందు నావి తేలిపోయేవి. పేషెంటుతో ముడిపడిన జవాబు మనసులో ఉండిపోతుంది. రాత్రి ఎవరికీ తెలియకుండా నేర్చుకున్నదానికి ఆ ముడి ఉండదు, సిగ్గు మాత్రమే ఉంటుంది.

సార్‌తో మాట్లాడటం గురించి కూడా అడిగారు. మెంటార్‌తో సంబంధం నాలుగు దశల్లో సాగుతుందని క్యాథీ క్రామ్ అనే పరిశోధకురాలు 1983లో రాశారు. మొదలవడం, పెరగడం, విడిపోవడం, మళ్ళీ కొత్త రూపంలో కుదురుకోవడం. మూడో దశలో ఇద్దరికీ కోపం, దిగులు, ఖాళీతనం సహజమట. మీరిద్దరూ అక్కడున్నారు. నాలుగో దశ దానంతటదే వస్తుందని నమ్మకం లేదు, కొందరు మూడో దశలోనే రిటైర్ అవుతారు.

మాట్లాడేట్టయితే డిపార్ట్‌మెంట్‌లో వద్దు, సాయంత్రం ఓపీ అయిపోయాక హడావుడి లేని వేళ చూసుకోండి. సెలవు కాగితంతో మొదలుపెట్టకండి. ఆక్సిజన్‌తో మొదలుపెట్టండి. "ఆ రోజు అందరి ముందు అన్నందుకు ఇబ్బందిగా ఉంది సార్" అనండి, "అన్నది తప్పు" అని మాత్రం అనకండి, ఎందుకంటే తప్పు కాదు. తర్వాత మీ సంగతి చెప్పండి, ఆ అబ్బాయి డ్రాఫ్ట్ సంగతి. నాలుగు నెలలు దాచిపెట్టుకున్నానని, స్టాటిస్టిక్స్ రాక సిగ్గుపడ్డానని చెప్పండి. ఫెలోషిప్ ఎందుకు కావాలో అప్పుడు వేరే వివరించాల్సిన పని ఉండదు. ఆయన కూడా ఏదైనా చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. "యూనిట్ ఎవరు చూస్తారు" అన్నది నిజమైన ప్రశ్నే కాబట్టి దానికి జవాబు సిద్ధం చేసుకుని వెళ్ళండి. ఎవరు ఏ రోజు, పీజీల థీసిస్‌లు ఎవరికి, ఏ క్లాసులు ఎవరు తీసుకుంటారు అని ఒక పేజీ చాలు. ఆయన అప్పటికీ కాదంటే, ఆ కాదనడం దేనికో మీకు కొంతైనా అర్థమవుతుంది. పై అధికారుల దారి పట్టాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించండి, గడువుకి ఎలాగూ నెలన్నర ఉంది.

సార్ దగ్గరికి వెళ్ళే ముందు ఆ అబ్బాయితో కూర్చోవడం అయిపోయి ఉండాలి. లేకపోతే సార్‌కి చెప్పడానికి మీ దగ్గర సగం కథే ఉంటుంది. అతని పేపర్‌లో మీ పేరు ఎక్కడ రావాలో కూడా ఆ రోజే తేల్చుకోండి. నాలుగు షరతులూ దగ్గర పెట్టుకుని, అతన్నే ముందు చెప్పమనండి.